సినిమా పాత్ర పేరు పాపకు పెట్టొచ్చా? దేవసేన, శ్రీవల్లి, హాసిని: ఏమేం చూసుకోవాలి

ఆరిలోవ_అక్క (రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. చుట్టాలమ్మాయికి పాప పుట్టి 12 రోజులైంది. ఉత్తరాషాఢ 3వ పాదం. 21వ రోజున బారసాల. తల్లికీ తండ్రికీ దేవసేన అని పెట్టాలని ఉంది, బాహుబలి చూసిన దగ్గర్నుంచీ అదే మాట. పెద్దవాళ్ళేమో 'జా' అక్షరంతోనే రావాలంటున్నారు, పైగా సినిమా పేరు పదేళ్ళలో పాతబడిపోతుందంటున్నారు. ఆస్పత్రివాళ్ళు పేరు గడి ఖాళీగా ఉంచి జనన నమోదుకు పంపేశారు.

సినిమా వల్ల నచ్చిన పేరు నిలుస్తుందా లేదా ఎలా తెలుస్తుంది? అక్షరం గొడవ ఎలా తీరుతుంది? రికార్డులో ఎప్పటిలోగా ఎక్కించాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

భీమిలి_టీచరు (రాత్రి 8:58)

అక్కా, ముందు సినిమాని పక్కన పెట్టి పేరు ఒక్కటే చూడండి. సినిమా తీసేసినా పేరు నిలబడితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

దేవసేన నిలబడుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో ఉంది ఆవిడ. కేశి అనే రాక్షసుడు ఎత్తుకుపోతుంటే ఇంద్రుడు విడిపిస్తాడు, తర్వాత కుమారస్వామికిచ్చి పెళ్ళి చేస్తారు. దేవసేనాపతి అన్న మాటకు రెండర్థాలూ అక్కడే ఉన్నాయి: దేవతల సేనకు అధిపతి, దేవసేనకు భర్త. 2015లోనూ 2017లోనూ వచ్చిన రెండు భాగాలూ ఈ పేరుని కొత్తగా పుట్టించలేదు. అటక మీదున్న ఇత్తడి బిందెని దించి చింతపండుతో తోమి ముందుగదిలో పెట్టాయి, అంతే.

అదే సినిమాలోని మిగతా పేర్లు కూడా ఇలాగే చూడండి. అవంతిక అంటే ఉజ్జయిని నగరానికి పాత పేరు, నిలుస్తుంది. అమరేంద్ర, మహేంద్ర రెండూ ఇంద్రుడి పేర్లే, మన తాతల కాలం నుంచీ ఉన్నవే. శివగామి వినడానికి తమిళ ఛాయలో ఉంటుంది, చిదంబరంలో అమ్మవారి పేరు శివకామసుందరి. బాహుబలి అసలు జైనుల పూజనీయుడు, శ్రావణబెళగొళలో కొండ మీద నిలబడ్డ గోమటేశ్వరుడు ఆయనే. కానీ మగపిల్లాడికి నేరుగా బాహుబలి అని పెడితే మాత్రం పేరు వెనక ఒక్క సినిమానే కనబడుతుంది. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా కట్టప్ప గురించి అడిగిన ప్రశ్న వాడు బడిలో చేరిన రోజున మళ్ళీ మొదలవుతుంది. అమరేంద్ర అని పెడితే ఆ బాధ లేదు.

పాత_రీలు (రాత్రి 9:10)

టీచరుగారి మాటకు ఒక పాత సాక్ష్యం. 1957 మాయాబజార్‌లో శశిరేఖ. వ్యాసభారతంలో ఆ పాత్రే లేదు. బలరాముడి కూతురు, అభిమన్యుడితో ప్రేమ, ఘటోత్కచుడి మాయ, ఇదంతా తర్వాతి కథల్లో, నాటకాల్లో అల్లుకున్నది. అయినా ఆ పేరు దశాబ్దాల పాటు తెలుగు ఇళ్ళలో నడిచింది. శశిరేఖ అంటే చంద్రవంక, మాటలోనే అందం ఉంది. పురాణంలో లేకపోయినా అర్థం తేటగా ఉంటే చాలు.

మన ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. 1978లో బాలచందర్ తీసిన మరోచరిత్ర విశాఖలో నడిచే కథ, తీసింది కూడా ఎక్కువగా ఇక్కడే, భీమిలి దాకా. అందులో బాలు, స్వప్న. చివర్లో ఇద్దరూ చనిపోతారు. విషాదాంతం కాబట్టి పేరు అచ్చిరాదని ఎవరూ అనుకోలేదు. మన వీధుల్లో ఆ తరం స్వప్నలు ఎంతమందో మీకు తెలియంది కాదు. నా లెక్కలో జనం పాత్ర చావుని పట్టించుకోరు. పాత్ర గుణం, పేరు పిలిచిన తీరు, ఈ రెండే చెవిలో ఉండిపోతాయి.

రుషికొండ_గాలి (రాత్రి 9:22)

నాది కొంచెం వేరే అభిప్రాయం. పాత పేరైతేనే నిలుస్తుందనడం సగం నిజమే. అసలు మనిషి పేరే కానిది కూడా సినిమా వల్ల పేరైపోయి నిలిచిపోవచ్చు.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ శాఖవాళ్ళు 1880 నుంచి పుట్టినవాళ్ళ పేర్ల లెక్క ఏటా బయటపెడతారు. ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరు ఆ జాబితాలో చూపించరు. అందుకని ఏ సినిమా తర్వాత ఏ పేరు లేచిందో అక్కడ చక్కగా కనబడుతుంది. 1984లో స్ప్లాష్ అనే సినిమా వచ్చింది. అందులో మత్స్యకన్య న్యూయార్క్‌లో మాడిసన్ అవెన్యూ అనే వీధి బోర్డు చూసి తన పేరు మాడిసన్ అనేస్తుంది. కథలో అది నవ్వులాటే, ఎందుకంటే అప్పటికి అది ఆడపిల్ల పేరు కాదు, ఒక వీధి పేరు. మరుసటేడు 1985లో ఆడపిల్లల మొదటి వెయ్యి పేర్లలోకి వచ్చేసింది. 2001 నాటికి రెండో స్థానం. ఈ తరం అమ్మాయిలకు ఆ సినిమా సంగతే తెలియదు, పేరు మాత్రం ఉంది.

అంటే సినిమా మరుగున పడి పేరు మిగలడం కూడా జరుగుతుంది. మన దగ్గర ఇలా ఏటా పేర్ల జాబితా వేసే పద్ధతి లేదు కాబట్టి ఎవరైనా 'ఫలానా పేరు ఇన్ని వేలమందికి పెట్టారు' అని రాస్తే నమ్మకండి. బడి హాజరుపట్టీ చూసి అంచనా కట్టుకోవడమే మనకున్న దారి.

భీమిలి_టీచరు (రాత్రి 9:31)

మాడిసన్ మాట ఒప్పుకుంటాను. కానీ తెలుగులో అర్థం అడుగుతారండీ. బారసాలకు వచ్చిన పెద్దావిడ మొదట అడిగేదే 'అంటే ఏటమ్మా?' అని. అక్కడ జవాబు లేని పేరు పిల్లకి జీవితాంతం సంజాయిషీ అవుతుంది.

ఎంవీపీ_మాటలు (రాత్రి 9:47)

ఒకే సినిమాలో ఒక పేరు అంటుకుని ఇంకొకటి అంటుకోకపోవడానికి కారణాలుంటాయి. 2006 ఆగస్టులో బొమ్మరిల్లు వచ్చింది. హీరో సిద్ధు, హీరోయిన్ హాసిని. సిద్ధు అప్పటికే ఇంటింటా ఉన్న పిలుపు, దానికి కొత్తగా వచ్చిందేమీ లేదు. హాసిని మాత్రం గట్టిగా పట్టుకుంది. ఎందుకో చూడండి.

చెవికి కొత్త, నోటికి కష్టం కాదు. మూడే అక్షరాలు, ఒక్క ఒత్తు లేదు, సంయుక్తం లేదు. 'నవ్వేది' అని అర్థం వెంటనే తడుతుంది, సుహాసిని అన్నది ముందే విన్నాం కాబట్టి. సినిమాలో ఆ అమ్మాయి గుణం కూడా పేరులోని అర్థమే. పైగా ఆ పేరుని ఎదుటివాళ్ళు పదేపదే పిలుస్తారు. పాత్ర ఎంత గొప్పదైనా తెర మీద పేరు పెట్టి పిలవకపోతే జనం నోట్లోకి రాదు.

2009 మగధీరలో మిత్రవింద ఇంకో రకం. శ్రీకృష్ణుడి అష్టభార్యల్లో ఒకరి పేరు, సినిమా పెద్ద హిట్టు, అయినా హాసినిలా వీధివీధికీ పాకలేదు. 'త్ర', 'వింద' రెండూ పిల్లల నోటికి బరువు, ముద్దుగా కుదించాలంటే మిత్ర దగ్గర ఆగిపోవాలి. దేవసేనకి ఈ ఇబ్బంది లేదు. నాలుగక్షరాలే అయినా అన్నీ తేలిక.

ఇంకోటి, మగపిల్లలకు పాత్ర పేరు కన్నా నటుడి పేరు పెట్టడం ఎక్కువ. మహేష్, పవన్, ప్రభాస్ అలా వచ్చినవే. అది వేరే లెక్క. నటుడి జీవితం మన చేతుల్లో ఉండదు, రేపు ఆయన ఏ వివాదంలో ఉంటాడో చెప్పలేం. పాత్ర కథ అయిపోయింది కాబట్టి పాత్రే నయం అని నా అభిప్రాయం.

రుషికొండ_గాలి (రాత్రి 9:55)

కథ అయిపోయిందని రూఢి చేసుకోవాలి మరి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ నడుస్తుండగా అమెరికాలో ఖలీసి అని పిల్లలకు పెట్టుకున్నారు. నిజానికి అది పేరు కాదు, కథ కోసం అల్లిన భాషలో రాణి అనే బిరుదు. ఆ పాత్ర అసలు పేరు డెనేరిస్. 2019లో చివరి ఎపిసోడ్‌కి ముందుదాంట్లో ఆ రాణి జనంతో సహా ఊరినే తగలబెట్టేసింది. అప్పటికే పేరు పెట్టినవాళ్ళు ఏం చేస్తారు?

ఇంకో తమాషా ఏంటంటే అదే సీరియల్‌లో ఆర్య ఆడపిల్ల. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఆ పేరు ఆడపిల్లలకు బాగా పెరిగింది. మనకి 2004 సినిమాతో ఆర్య అంటే మగపిల్లాడు. విదేశాల్లో పెరగబోయే బిడ్డకైతే ఇలాంటి తేడా చూసుకోవాలి.

మన సినిమాల్లో ఇప్పుడు రెండో భాగం, మూడో భాగం మామూలైపోయింది. మొదటి భాగం చూసి పేరు పెట్టేసే బదులు ఆ పాత్ర కథ ముగిసేదాకా ఆగడం మంచిది. దేవసేన విషయంలో 2017 ఏప్రిల్ 28తో కథ పూర్తయింది, ఆ భయం లేదు.

సింహాచలం_మెట్లు (రాత్రి 10:05)

అక్షరం గొడవకి నేను జవాబిస్తాను. పంచాంగం ప్రకారం ఉత్తరాషాఢ నాలుగు పాదాలకూ బే, బో, జా, జీ. మూడో పాదం కాబట్టి జా. పెద్దలు చెప్పింది సరైనదే. దేవసేనలోని 'దే' రేవతి మొదటి పాదం అక్షరం.

అయితే నామకరణంలో ఒక్క పేరే పెట్టాలని లేదు. సంప్రదాయంలో నాలుగున్నాయి: దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం. పళ్ళెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో తండ్రి వాటిని వరసగా రాస్తాడు. నక్షత్రనామం దగ్గర జానకి అనో, జాహ్నవి అనో 'జా'తో రాయండి. వ్యావహారికం దగ్గర దేవసేన అని రాయండి. బిడ్డ కుడి చెవిలో తండ్రి మూడుసార్లు పేరు చెప్పేటప్పుడు రెండూ చెప్పొచ్చు. పూజల్లో గోత్రంతో పాటు జానకి అని చెప్పించుకుంటారు, బడిలోనూ రికార్డులోనూ దేవసేన. పెద్దల మాటా పోదు, అమ్మానాన్నల కోరికా పోదు. ఈ మాట ఆ రోజు పీటల మీద కాకుండా రెండు మూడు రోజుల ముందే పంతులుగారితో చెప్పుకోండి. పీటల మీద కూర్చున్నాక మాట్లాడితే బంధువుల ముందు వాదన అవుతుంది.

బియ్యంలో రాసేటప్పుడు చిన్న జాగ్రత్త. పళ్ళెం చిన్నదైతే నాలుగో పేరుకి చోటు చాలదు, చివరి అక్షరాలు అంచుమీదికి పోతాయి. వెడల్పాటి పళ్ళెం తీసుకుని బియ్యం రెండు వేళ్ళ మందాన సమంగా చదును చేయండి. పల్చగా పోస్తే ఉంగరం గీతకి అడుగు కనబడి అక్షరం చెదురుతుంది, మరీ మందంగా పోస్తే గింజలు జారి గీత పూడుకుపోతుంది.

గాజువాక_నాన్న (రాత్రి 10:16)

పంతులుగారూ, మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. శ్రీవల్లి అని పెడితే ఏ అక్షరం కింద లెక్క? ఒకాయన శతభిషం అన్నారు, ఇంకొకాయన రోహిణి అన్నారు.

సింహాచలం_మెట్లు (రాత్రి 10:24)

ఇద్దరిదీ చెరో పద్ధతి బాబూ. శ్రీని పేరులో భాగంగా తీసుకుంటే 'సీ' కింద శతభిషం 3వ పాదం, ఎందుకంటే శ, స ఒకే వరసలో చూస్తారు. శ్రీని గౌరవం కోసం ముందు చేర్చిందిగా తీసేస్తే మిగిలేది వల్లి, 'వా' కింద రోహిణి 2వ పాదం. మీ ఇంటి పంతులుగారు ఏ పద్ధతి పాటిస్తారో అదే అడగండి, రెండూ కలిపి అడిగితే తెమలదు.

ఒక విశేషం చూడండి. 2021 డిసెంబరులో వచ్చిన పుష్పలో శ్రీవల్లి, బాహుబలిలో దేవసేన. ఇద్దరూ సుబ్రహ్మణ్యస్వామి దేవేరులే. రెండు సినిమాలు వేర్వేరుగా తీసుకున్న పేర్లు ఒకే స్వామి పక్కన నిలబడ్డాయి. అందుకే అక్కచెల్లెళ్ళకు ఈ జంట పేర్లు పెట్టడానికి కొందరు ఇష్టపడరు, ఒకే భర్త అన్న భావం వస్తుందని. కవలలైతే ఆలోచించుకోండి.

మన అప్పన్న కొండ మీద అమ్మవారి పేరు సింహవల్లి తాయారు. శ్రీవల్లి నచ్చిన విశాఖవాళ్ళు సింహవల్లి ఎందుకు పెట్టుకోరో నాకర్థం కాదు. 'సీ' అక్షరం కిందే వస్తుంది, పాదం కూడా మారదు.

ఎంవీపీ_మాటలు (రాత్రి 10:33)

శ్రీవల్లికి ఇంకో సంగతి ఉంది. ఆ పేరుతోనే పాట ఉంది. పాటలో పేరుంటే పేరు చాలా వేగంగా పాకుతుంది, కానీ పిల్ల ఎక్కడికెళ్ళినా ఆ పాట ఎత్తుకునేవాళ్ళుంటారు. ఐదేళ్ళప్పుడు సరదా, పన్నెండేళ్ళు వచ్చాక ఆ పిల్లకి విసుగు. పేరు అచ్చంగా తనదనుకోవడానికి వీలులేకుండా పోతుంది. వల్లి అని పిలుపు అలవాటు చేస్తే కొంత తగ్గుతుంది.

పిలిచి చూడటం కూడా ఒక పరీక్షే. పేరు కాగితం మీద చదవడం వేరు, దూరం నుంచి కేకెయ్యడం వేరు. తెలుగులో పిలుపు చివరి అచ్చుని సాగదీస్తుంది. 'దేవసేనా...' సాగుతుంది, బీచ్ గాలిలో కూడా అందుతుంది. 'హాసినీ...' కూడా అంతే. హల్లుతో తెగిపోయే పేర్లకి మన నోరు ఉకారం తగిలిస్తుంది: విరాజ్ అని రాసుకున్నా వీధిలో 'విరాజూ' అవుతుంది. అది నచ్చకపోతే ముందే మానుకోవాలి. 2023 డిసెంబరులో వచ్చిన హాయ్ నాన్నలో పాప పేరు మహి, భూమి అని అర్థం. రెండే అక్షరాలు, 'మహీ' అని పిలవడానికి భలే బాగుంటుంది. కానీ మహేశ్వరిని, మహేంద్రని, మహితని కూడా ఇంట్లో మహీ అనే పిలుస్తారు. ఇంట్లో ఇంకో మహి ఉంటే గందరగోళం.

దేవసేనని ఎలా కుదిస్తారో ఇప్పుడే అనుకోండి. దేవి, దేవు, సేన. కుదింపు మీరు అనుకోకపోతే వీధే అనుకుంటుంది.

వార్డు_డెస్కు (రాత్రి 10:50)

నమోదు సంగతి నేను చెప్తాను, ఇది తెలియకే ఎక్కువమంది తర్వాత తిరుగుతారు.

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే ఆ బాధ్యత ఆస్పత్రిది, ఇంట్లో పుడితే ఇంటిపెద్దది. జననం నమోదుకీ పేరు నమోదుకీ తేడా ఉంది. పేరు గడి ఖాళీగా ఉన్నా జననం నమోదవుతుంది. అందుకని ఆస్పత్రి కౌంటరు దగ్గర డిశ్చార్జి హడావుడిలో నోటికొచ్చిన సినిమా పేరు చెప్పేయకండి. మీ చుట్టాలు గడి ఖాళీగా ఉంచడం మంచిదే అయింది.

తర్వాత పేరు ఎక్కించుకోవడానికి 12 నెలలు రుసుము లేకుండా గడువు ఉంటుంది. అది దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకూ వీలుంది. కానీ అంతదాకా లాగకండి. ఎందుకంటే చట్టానికి 2023లో సవరణ వచ్చింది, 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకి, ఆధార్‌కి, ఓటుకి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పేరు లేని పత్రంతో తర్వాతి పనులు ముందుకు సాగవు.

మీరు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ఉన్నారు కాబట్టి వార్డు సచివాలయంలోగానీ మీసేవలోగానీ అడగండి. జననం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే పేరు చేర్చాలి. ఆస్పత్రి గాజువాకలో ఉండి ఇల్లు ఆరిలోవలో ఉంటే రెండూ జీవీఎంసీ కిందికే వస్తాయి. పురిటికి పుట్టింటికి వెళ్ళి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కాన్పయితే మాత్రం ఇక్కడ అడిగి లాభం లేదు, అక్కడికే వెళ్ళాలి. తల్లిదండ్రుల ఆధార్, ఆస్పత్రి ఇచ్చిన కాగితం, నమోదు సంఖ్య దగ్గర పెట్టుకోండి.

గాజువాక_నాన్న (రాత్రి 10:58)

ఇప్పుడు పెట్టిన పేరు రెండేళ్ళకి నచ్చకపోతే మార్చుకోవచ్చా సార్?

వార్డు_డెస్కు (రాత్రి 11:07)

తప్పు దిద్దడం వేరు, పేరు మార్చడం వేరు. హాసిని బదులు హసిని అని పడితే అది రాతతప్పు, రిజిస్ట్రారు దిద్దుతారు. అప్పుడు కూడా అసలు రాతని చెరపరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాస్తారు. శ్రీవల్లి అని మీరే చెప్పి ఎక్కించి, తర్వాత వేరే పేరు కావాలంటే అది తప్పు కాదు, మనసు మారడం. గెజిట్‌లో ప్రకటన దాకా వెళ్ళే వ్యవహారం అది. ఆధార్‌లో పేరు మార్పుకి కూడా జీవితంలో రెండుసార్లే అవకాశం. పసిబిడ్డ పేరు నచ్చలేదని ఒకటి వాడేస్తే, పెద్దయ్యాక పెళ్ళి తర్వాతో ఇంకో అవసరానికో ఒక్కటే మిగులుతుంది.

అందుకే చెప్తున్నాను, సినిమా విడుదలైన వారంలో పేరు నచ్చితే వెంటనే ఎక్కించకండి. ఏడాది గడువు ఉంది కదా. ఇంట్లో ఆ పేరుతో పిలుస్తూ ఉండండి. ఆరు నెలల తర్వాత కూడా పిలవబుద్ధేస్తే రాయించండి. మీ దేవసేన విషయంలో ఆలోచన ఏళ్ళ నాటిది కాబట్టి ఆగక్కర్లేదు.

పూర్ణామార్కెట్_వెంకట్ (రాత్రి 11:15)

స్పెల్లింగు గురించి ఎవరూ అనలేదు. దేవసేనకి ఇంగ్లీషులో డీ, ఈ, వీ, ఏ, ఎస్, ఈ, ఎన్, ఏ. చివర రెండో ఏ వద్దు, మధ్యలో 'ఈ' అక్షరం పక్కపక్కనే రెండు వద్దు. సంఖ్యాశాస్త్రం అని ఒక అక్షరం చేరిస్తే పిల్ల జీవితాంతం ప్రతి కౌంటరు దగ్గరా స్పెల్లింగు చెప్పుకుంటూ ఉండాలి. హాసినిలో అసలు చిక్కు ఇదే: హెచ్ తర్వాత ఒక ఏ రాస్తే తెలుగులోకి తిరిగి వచ్చేటప్పుడు 'హసిని' అయిపోతుంది, రెండు రాస్తే బడిలో ఒక ఏ తీసేస్తారు. ఏదో ఒకటి ఖాయం చేసి అన్ని కాగితాల్లో అదే ఉంచాలి. పత్రం చేతికి ఇచ్చే ముందు తెర మీద తెలుగు వరసా ఇంగ్లీషు వరసా రెండూ చదివి చూసుకోండి. తెలుగులో దీర్ఘాలు, ఇంగ్లీషులో అక్షరాలు వేలు పెట్టి లెక్కపెట్టండి.

ఇంటిపేరు పొడి అక్షరంగా వద్దు, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఒకటి, పెట్టిన పేరు గడి ఒకటి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో పెట్టిన పేరు ఇంటిపేరు చోటుకి జరిగిపోయి, ముందు 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. 2022 నవంబరు నుంచి ఎమిరేట్స్‌కి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి కూడా చిక్కులొస్తున్నాయి.

పాత_రీలు (రాత్రి 11:28)

ఇంత చర్చలో ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. సినిమా పేర్లను లేపడమే కాదు, కిందకీ తోసింది. మన ఉత్తరాంధ్ర పేర్లు తీసుకోండి: అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం, పైడిరాజు, పైడితల్లి, నూకరాజు, నూకాలమ్మ, అసిరినాయుడు. వీటిలో ప్రతిదీ ఒక గుడి పేరు. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి, అనకాపల్లి నూకాంబిక. తెర మీద ఈ పేర్లు ఎవరికి పెట్టారు? పనివాడికి, అమాయకుడికి, హీరో పక్కన తన్నులు తినేవాడికి. యాస కూడా నవ్వించడానికే. నలభై యాభై ఏళ్ళు అలా చూపించేసరికి మన ఊళ్ళోనే తల్లిదండ్రులు తాత పేరు రికార్డులో రాయించడానికి సిగ్గుపడ్డారు. సింహాచలం అన్న పేరు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పెట్టుకునే ఊరు మనది, ఇప్పుడు ఎల్‌కేజీ హాజరుపట్టీలో వెతికినా దొరకదు.

దీనికి నాకు నిజంగా బాధగా ఉంది. పాత్ర బాగుంటే పేరుకి గౌరవం వస్తుందని హాసినితో తెలిసింది కదా, ఒక్క మంచి సినిమాలో ధైర్యంగల కథానాయకికి నూకాలమ్మ అని పెట్టి, నలుగురూ ప్రేమగా పిలిచేలా తీస్తే ఇది మారుతుంది.

భీమిలి_టీచరు (రాత్రి 11:36)

సినిమా కోసం ఎదురుచూడక్కర్లేదండీ. పేరుకి రెండు మాటలు ఉండొచ్చు. నూక దేవసేన, పైడి హాసిని అని పెట్టుకుంటే తప్పేముంది? మగపిల్లాడికి అప్పల మహేంద్ర. ఇలవేల్పు పేరు ముందు, నచ్చిన పేరు తర్వాత. మొక్కు ఉన్న ఇళ్ళలో ఎలాగూ ఇలాగే చేస్తారు. సింహాచలం కథలోంచే కావాలంటే ప్రహ్లాద్ ఉంది, నరహరి ఉంది. ఏ తరంలోనూ ఎబ్బెట్టుగా అనిపించని పేర్లు.

ఇంకా ఒకటి. పేరు పాతబడటం గురించి పెద్దలు అన్నది పూర్తిగా కొట్టేయకండి. హాసిని అంటే 2006 తర్వాత పుట్టిన పిల్ల అని వినగానే తెలిసిపోతుంది. పేరే వయసు చెప్పేస్తుంది. అది తప్పు కాదు, మన అమ్మల కాలంలో ప్రతి తరగతిలో నలుగురు పద్మలు, ముగ్గురు విజయలక్ష్ములు ఉండేవారు. ఇబ్బంది ఎక్కడంటే ఒకే తరగతిలో ఒకే పేరు ముగ్గురికి ఉంటే పిల్లని ఇంటిపేరు పొడి అక్షరంతో పిలుస్తారు, హాసిని కే, హాసిని పీ అని. దేవసేనకి ఆ వేడి చల్లారి చాలా కాలమైంది. మీ పాప బడిలో చేరేసరికి తరగతిలో ఒక్కర్తే దేవసేన అయ్యే అవకాశమే ఎక్కువ.

ఆరిలోవ_అక్క (మరునాడు ఉదయం 7:20)

అందరికీ చాలా చాలా థాంక్సండీ. రాత్రే ఫోన్లో అన్నీ చదివి వినిపించాను. నక్షత్రనామం జానకి, వ్యావహారికం నూక దేవసేన అని అనుకున్నారు. నాయనమ్మగారిది అనకాపల్లి, నూకాలమ్మ మాట వినగానే ఆవిడ ఒప్పేసుకున్నారు. ఒక్క అనుమానం మిగిలింది. రికార్డులో నూక, దేవసేన కలిపి ఒకే మాటగా రాయాలా, మధ్యలో ఖాళీ వదలాలా?

వార్డు_డెస్కు (ఉదయం 8:02)

ఖాళీ వదిలే రాయించండి అమ్మా. నూక ఒక మాట, దేవసేన ఒక మాట. కలిపేస్తే ఇంగ్లీషులో పన్నెండు అక్షరాల గొలుసు అవుతుంది, ఎక్కడ విరిచి చదవాలో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు ముందు, తర్వాత నూక, తర్వాత దేవసేన. జనన పత్రంలో ఎక్కడ ఖాళీ ఉందో ఆధార్‌లోనూ అక్కడే ఉండాలి, అది సరిచూసుకోండి. ఐదేళ్ళలోపు పిల్లల ఆధార్‌కి వేలిముద్రలు తీసుకోరు, అమ్మ లేదా నాన్న ఆధార్‌తో జతచేస్తారు, ఐదేళ్ళప్పుడూ పదిహేనేళ్ళప్పుడూ వేలిముద్రలు ఇవ్వాలి. బారసాల అయిన మరుసటి వారం తల్లిదండ్రుల్లో ఒకరు వస్తే చాలు, పాపని తీసుకురానక్కర్లేదు.